దుబాసీ పెద్దక్క

పెద్దక్క అనే పేరు ఆమెకు వయసు వల్ల వచ్చింది కాదు. ఆ లాండ్రీలో మన భాష మాట్లాడే ఆడవాళ్ళు పన్నెండు మంది ఉంటే, వాళ్ళలో ముగ్గురు ఆమెకంటే పెద్దవాళ్ళే. అయినా ఆ ముగ్గురూ నోరారా పెద్దక్కా అనే పిలిచేవాళ్ళు. పిలవకేం చేస్తారు? ఒంట్లో నలతగా ఉంటే డాక్టరుతో మాట్లాడాల్సింది ఆమె. సెలవు కావాలంటే సూపర్‌వైజర్ ముందు నిలబడాల్సింది ఆమె. ఫోన్ మూగబోతే దుకాణంవాడితో వాదించాల్సిందీ ఆమే. పరాయి దేశం వచ్చి పదకొండేళ్ళయింది. అక్కడి భాష ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తడి దుప్పట్ల మధ్య, మిషన్ల రొదలో, చెవులు రిక్కించి నేర్చుకుంది. మిగతా పదకొండు మందికీ ఆ భాషలో పలకరింపు దాటితే నోరు పెగలదు.

ఈ దుబాసీ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు, దానికి వేరే జీతమూ లేదు. కానీ దాని రుచి ఉంది చూశారూ, అది వేరు. ఆస్పత్రిలో అందరూ గోడకు ఆనుకుని నిలబడితే ఆమెకు కుర్చీ వేసేవాళ్ళు. సూపర్‌వైజర్ ఏ కబురైనా ముందు ఆమె చెవినే వేసేవాడు. "నువ్వు లేకపోతే ఈ మందను ఎవరు కాస్తారు" అని ఒకసారి అన్నాడు. అందులో మంద అన్న ముక్క ఆమె చెవికెక్కలేదు, 'నువ్వు లేకపోతే' అన్నదొక్కటే ఎక్కింది. ఆ మాట తలుచుకుని తలుచుకుని నెల రోజులు మురిసిపోయింది.

పెద్దక్క చెడ్డ మనిషి అనుకునేరు, కాదు. కొత్తగా వచ్చి వెక్కి వెక్కి ఏడ్చేవాళ్ళను తన పక్కలో పడుకోబెట్టుకుంది. జ్వరం వస్తే అన్నం మెత్తగా వండి నోటికి అందించింది. మూడేళ్ళ క్రితం సొంత చిన్నాన్న కూతుర్ని తనే పూనుకుని పిలిపించుకుంది. నోట్లో నాలుక లేని పిల్ల. పెద్దక్క చెల్లెలు కాబట్టి ఆ పిల్ల అందరికీ చెల్లే. కాకపోతే పెద్దక్క ఒక మాటను ఇటు నుంచి అటు చేరవేసేటప్పుడు కొంచెం జల్లెడ పట్టేది. "కాళ్ళు వాచి నిలబడలేకపోతున్నానని చెప్పక్కా" అని ఒకామె అంటే, "కొంచెం అలిసిపోయింది సర్, ఏం ఫర్వాలేదు" అని చెప్పేది. పైవాళ్ళకు విసుగొస్తే ఇంటికి పంపించేస్తారు, అప్పుడు నష్టం ఎవరికి అని ఆమె వాదన. ఆ జల్లెడ సంగతి ఎవరికీ తెలియదు, ఎలా తెలుస్తుంది, ఆ భాష వస్తే కదా.

అలాంటి చోటికి ఎనిమిది నెలల క్రితం ఒకావిడ వచ్చి పడింది.

ముప్పై దాటి ఉంటాయి, సన్నగా ఉంటుంది, కళ్ళద్దాలు. వచ్చిన మొదటి వారమే ఒక నోటు పుస్తకం కొనుక్కుంది. రెండో వారం నుంచి, సెలవు రోజున అందరూ ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉంటే, తను బస్సెక్కి వలస కూలీల సంఘంవాళ్ళు నడిపే క్లాసుకు పోయేది. అక్కడ భాషా చెప్తారట, చట్టాలూ చెప్తారట. పెద్దక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వచ్చిందమ్మా టీచరమ్మ" అని మూతి తిప్పింది. ఎగతాళికి అన్న మాట. అదేం ఖర్మో, వాళ్ళంతా కలిసి ఉండే గదిలో అందరూ ఆ పేరు అందుకుని, అందులో ఎగతాళి తీసి అవతల పారేసి, టీచరమ్మా అని గౌరవంగా పిలవడం మొదలుపెట్టారు. తను పెట్టిన పేరుతోనే ఇంకొకరికి హారతులు పడుతుంటే ఎవరికి మండదు చెప్పండి.

మొదటి దెబ్బ మడతలత్త కొట్టింది. ఇస్త్రీ అయి వచ్చిన దుప్పట్లు మడతపెట్టే చోట పని చేసేది కాబట్టి ఆమె మడతలత్త. వయసులో అందరికీ పెద్ద, నోరు అంతకంటే పెద్ద. నడుం నొప్పికి పెద్దక్క వెంట ఆస్పత్రికి ఆరుసార్లు వెళ్ళి, ఆరుసార్లూ అవే తెల్ల బిళ్ళలు తెచ్చుకుంది. ఏడోసారి చెప్పాపెట్టకుండా టీచరమ్మను తీసుకుపోయింది. వారం రోజులు విశ్రాంతి ఇవ్వాలని డాక్టరు సంతకం చేసిన కాగితంతో తిరిగొచ్చి, దాన్ని మంచం మీద అందరికీ కనపడేలా పరిచింది.

"ఆ అమ్మాయి ఏం మాట్లాడిందో ఏమో గానీ, డాక్టరు నా నడుం మీద చెయ్యేసి చూశాడే. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి" అంది మడతలత్త.

"పూటకు ఎన్ని గంటలు నిలబడతారో, ఎన్ని కిలోలు ఎత్తుతారో చెప్పానండీ, అంతే" అంది టీచరమ్మ.

"అలాంటివి చెప్పకూడదమ్మాయ్. సూపర్‌వైజర్‌కు తెలిస్తే అందరి కొంప మునుగుతుంది. నిన్న గాక మొన్న వచ్చావు, నీకేం తెలుసు" అంది పెద్దక్క.

"వారం రోజులు పడుకుంటాను, మునిగితే లేపండి" అని మడతలత్త దుప్పటి ముసుగు పెట్టింది. అందరూ ఘొల్లుమన్నారు. పెద్దక్క కూడా నవ్వినట్టే ముఖం పెట్టి, స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పుకుని చాలాసేపు నిలబడింది. ఆరుసార్లు తను తీసుకెళ్ళింది. ఆ ఆరుసార్లలో ఒక్కసారి నడుం చూడమని డాక్టరును అడగాలని తనకెందుకు తోచలేదు? ఆ ప్రశ్నను మింగడానికి టీచరమ్మను తిట్టుకోవడం ఒక్కటే దారిగా కనిపించింది.

మడతలత్త పోతే పోయింది. అసలు మంట చెల్లెలి దగ్గర మొదలైంది.

సాయంత్రాలు డ్యూటీ దిగాక చెల్లి ఇదివరకు పెద్దక్క మంచం మీదకే చేరేది. ఇప్పుడు భవనం వెనక మెట్ల మీద టీచరమ్మ పక్కన కూర్చుని ఆ నోటు పుస్తకంలోకి తల దూర్చుతోంది. ఒక్కో మాట పలకడం, తప్పు పోవడం, ఇద్దరూ పడీపడీ నవ్వడం. మూడేళ్ళలో ఆ పిల్ల అంత గట్టిగా నవ్వగలదని పెద్దక్కకు తెలియదు. ఒకరోజు చెల్లి తనంతట తానే దుకాణానికి పోయి, తనే అడిగి, చెప్పుల జత కొనుక్కొచ్చింది.

"నాతో చెప్తే నేను తెచ్చేదాన్ని కదే" అంది పెద్దక్క.

"ప్రతిదానికీ నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకక్కా."

ఇబ్బందట. పెద్దక్కకు అన్నం సయించలేదు. తనను అడగకుండా పిల్ల చెప్పులు కొనుక్కోవడం కూడా తనకు జరిగిన అవమానమే అనిపించింది. ఈర్ష్య అంటే అదే మరి, దానికి కళ్ళూ ఉండవు, సిగ్గూ ఉండదు.

ఇక మిషన్ సంగతి చెప్పాలి. దుప్పట్లు ఇస్త్రీ చేసే మిషన్ ఒక గది పొడవుంటుంది. వేడి రోలర్లు తిరుగుతుంటాయి. ఇద్దరు చెరో కొసా పట్టుకుని, ముడత లేకుండా లాగి, తడి దుప్పటిని లోపలికి అందించాలి. రోలర్ల ముందు ఒక అడ్డుకమ్మీ ఉంటుంది. వేళ్ళు పొరపాటున దానికి తగిలితే చాలు, మిషన్ ఠక్కున ఆగిపోతుంది. ప్రాణం కాపాడే వస్తువు. అయితే ఆస్పత్రి దుప్పట్లు మందం ఎక్కువ, వాటి అంచు తగిలినా అది ఆగిపోతుంది. రోజుకు నలభైసార్లు ఆగేది. సూపర్‌వైజర్ పెద్దక్కను పిలిచి, ఆగకుండా చూడమన్నాడు. ఎలా చూడాలో నోటితో చెప్పలేదు. పాత దుప్పటి అంచు చింపి, ఆ కమ్మీని వెనక్కి లాగి కట్టేయమని పెద్దక్కే అమ్మాయిలకు చెప్పింది. రెండేళ్ళుగా అది అలాగే కట్టి ఉంది. టీచరమ్మ వచ్చిన కొత్తలో, "అది విప్పాలక్కా, ప్రమాదం" అంది. ఆమె అంది కాబట్టే పెద్దక్క విప్పనివ్వలేదు.

ఒకరోజు పొద్దున పదిన్నరకు చెల్లి కుడి చెయ్యి దుప్పటి అంచుతో పాటు లోపలికి పోయింది.

మిషన్ ఆపే ఎర్ర మీట నొక్కింది పెద్దక్కే. చెయ్యి బయటికి తీసేసరికి అరచెయ్యంతా కాలి, రెండు వేళ్ళు నలిగిపోయి ఉన్నాయి. చెల్లి తెల్లబోయి తన చేతిని తనే చూసుకుంటోంది. టీచరమ్మ పరిగెత్తుకొచ్చి, చల్లటి కుళాయి కింద ఆ చెయ్యి పట్టి, "నేనూ ఆస్పత్రికి వస్తాను" అంది. అప్పుడు కూడా, ఆ క్షణంలో కూడా, పెద్దక్క బుద్ధి ఎటు పోయిందో చూడండి. సూపర్‌వైజర్ వైపు తిరిగి, వాళ్ళ భాషలో, "ఈవిడ అక్కర్లేదు సర్, నేను చాలు" అంది. టీచరమ్మకు ఆ ముక్క అర్థమైంది. అయినా ఆ సమయంలో గొడవ పెట్టుకోలేదు, బండి తలుపు వేసి పక్కకు తప్పుకుంది.

బండిలో సూపర్‌వైజర్ మెత్తగా మాట్లాడాడు. పడుకునే గదిలో వేడినీళ్ళు పడ్డాయని చెప్పమన్నాడు. మిషన్ అంటే తనిఖీవాళ్ళు వస్తారు, మిషన్ ఆపేస్తారు, పన్నెండు మందికీ పని పోతుంది. చెల్లెలి సంగతి నేను చూసుకుంటాను, నా మాట నమ్ము అన్నాడు. పెద్దక్క పదకొండేళ్ళుగా ఆ గొంతునే నమ్ముతోంది. డాక్టరుతో అలాగే చెప్పింది.

"నీళ్ళు పడితే వేళ్ళు నలుగుతాయా?" అని డాక్టరు కళ్ళు చిట్లించాడు.

"బకెట్ కూడా మీద పడింది సర్" అంది పెద్దక్క. ఆ బకెట్ ఎవరూ చెప్పమన్నది కాదు, ఆమె సొంత తెలివి. డాక్టరు రాసుకున్నాడు.

"ఏం చెప్పావక్కా?" అంది చెల్లి.

"అన్నీ చెప్పాను. నువ్వు కళ్ళు మూసుకో."

చూసుకుంటానన్న మనిషి పదిహేను రోజులు చూసుకుని, పదహారో రోజున ఒక కాగితం తెచ్చి పెద్దక్క చేతిలో పెట్టాడు. ప్రమాదం పని స్థలంలో జరగలేదు గనక వైద్యంతో కంపెనీకి సంబంధం లేదు. ఇక పని చేయలేదు గనక ఒప్పందం రద్దు. పది రోజుల్లో స్వదేశానికి పంపిస్తారు. వేళ్ళకు ఇంకో ఆపరేషన్ చేయకపోతే అవి ఇక వంగవని డాక్టరు అంతకు ముందు రోజే చెప్పి ఉన్నాడు. "సర్, మీరు మాటిచ్చారు" అంది పెద్దక్క. "కాగితంలో ఉన్నది నువ్వు చెప్పిందే కదా" అని ఆయన ఫోన్ అద్దం తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె ఆ కాగితాన్ని దిండు కింద దాచింది. రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అనుకుంది. చెల్లి దిండు సర్దుతూ చూసింది, తన పేరు ఒక్కటి పోల్చుకుంది, తీసుకుపోయి టీచరమ్మకు ఇచ్చింది. టీచరమ్మ దాన్ని గదిలో అందరి ముందూ మన భాషలో చదివింది. వేడినీళ్ళూ, బకెట్టూ అన్నీ చదివింది.

"డాక్టరుతో మీరేం చెప్పారక్కా?" అంది టీచరమ్మ, కాగితం దించి.

"నా చెల్లెలు, నా ఇష్టం. మధ్యలో నువ్వెవరు?"

"మధ్యలో ఎవరూ లేకపోబట్టే ఇలా అయింది" అంది మంచం మీది నుంచి మడతలత్త. ఈసారి ఎవరూ నవ్వలేదు.

చెల్లి కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్దక్కను ఆ రోజు కాల్చింది అబద్ధం బయటపడడం కాదు. కాగితం దొరికితే, అక్కడే ఉన్న అక్కను అడగకుండా, పిల్ల దాన్ని ఆవిడ చేతిలో పెట్టింది. అదీ ఆమె బాధ.

మర్నాడే టీచరమ్మ సంఘంవాళ్ళతో కలిసి కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చింది. ఆరో రోజున విచారణ అన్నారు. పిల్లను ఎక్కించే విమానం పదో రోజున. సూపర్‌వైజర్ పెద్దక్కను తన గదికి పిలిచి, మొట్టమొదటిసారి కూర్చోమన్నాడు. విచారణలో దుబాసీగా నువ్వే ఉండాలన్నాడు. గదిలోనే జరిగిందని నిలబడితే, వచ్చే నెల నుంచి ఇస్త్రీ విభాగానికి నువ్వే పెద్దవన్నాడు. ఆ కళ్ళద్దాల ఆవిడ తప్పుడు ఫిర్యాదు చేసిందని తేలుతుంది, ఆవిణ్ణి పంపించేస్తాం అన్నాడు. నిజం చెప్పుకోవాలి. పెద్దరికం మాటకు ఆమె ఊగలేదు. చివరి మాటకు ఊగింది. టీచరమ్మ పెట్టె సర్దుకుని తలొంచుకుని మెట్లు దిగడం కళ్ళ ముందు కదిలింది. ఆ బొమ్మ ఎంత తీపిగా ఉందో, తనకే భయం వేసింది.

విచారణ గదిలో ఒక పొడుగాటి బల్ల, గోడ గడియారం, కుర్చీలు. అధికారిణి నడివయసు మనిషి, జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటోంది. సూపర్‌వైజర్ పెద్దక్కను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టి, "మా దుబాసీ" అని పరిచయం చేశాడు.

అధికారిణి ఆయన మాట పట్టించుకోలేదు. చెల్లి వైపు వంగి, నెమ్మదిగా అడిగింది. "మీ తరఫున ఎవరు మాట్లాడాలి?"

ఎవరూ తర్జుమా చేయలేదు. చెల్లికే అర్థమైంది. కట్టు ఉన్న చెయ్యి పైకెత్తి టీచరమ్మను చూపించింది.

పెద్దక్క ముఖం మాడిపోయింది. తను పిలిపించుకున్న పిల్ల, తను తల దువ్విన పిల్ల. అయిపోయింది, ఇక అబద్ధం మీదే నిలబడతాను, ఇద్దరూ ఏమవుతారో చూస్తాను అనుకుంది. అధికారిణి ఆమెను బల్ల చివర ఉన్న కుర్చీలోకి మారమంది. "మీరు సాక్షి. మీ వంతు తర్వాత వస్తుంది" అంది.

చెల్లి చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో మాట ఆగి ఆగి చెప్తుంటే టీచరమ్మ అవతలి భాషలో పెడుతోంది. ఆ గదిలో టీచరమ్మ కాక రెండు భాషలూ బాగా తెలిసిన మనిషి పెద్దక్క ఒక్కతే. ఎక్కడ తప్పు పోతుందా, ఎక్కడ కలుపుతుందా అని చెవులు నిక్కించి కూర్చుంది. దుప్పటి మందం, అంచు, పదిన్నర గంట, అన్నీ సరిగ్గానే వెళ్తున్నాయి. అప్పుడు చెల్లి అంది.

"కమ్మీ కట్టేయమని మాకు చెప్పింది అక్కే. కానీ అక్క చెడ్డది కాదు. పైవాళ్ళు ఒత్తిడి పెడితే చెప్పింది. నన్ను ఈ మూడేళ్ళూ కన్నతల్లిలా చూసుకుంది. ఆమెకు ఏం జరగకూడదు."

టీచరమ్మ మొదటి వాక్యం చెప్పి, మిగతా నాలుగూ మింగేస్తే చాలు, పెద్దక్క పని అయిపోతుంది. తనైతే మింగేసేది. పదకొండేళ్ళుగా చేసింది అదే. టీచరమ్మ కళ్ళద్దాలు సర్దుకుని మొదటి వాక్యం చెప్పింది. రెండోది చెప్పింది. మూడోది చెప్పింది. కన్నతల్లి అన్న మాట దగ్గర ఒక క్షణం వెతుక్కుని, సరైన మాటే పట్టుకుని చెప్పింది. ఏమీ జరగకూడదన్నదీ చెప్పింది.

ఆ మనిషిని మెచ్చుకోవాల్సి రావడం కంటే పెద్దక్కకు మరో శిక్ష అక్కర్లేకపోయింది.

"ఇప్పుడు మీరు చెప్పండి. ప్రమాదం ఎక్కడ జరిగింది?" అంది అధికారిణి. సూపర్‌వైజర్ కలం పక్కన పెట్టి ఆమె వైపు చూశాడు.

పెద్దక్క నోరు తెరిచింది. "ఏం ఇబ్బంది లేదు మేడమ్" అన్న మాట దానంతటదే వచ్చేసింది. ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. "సరే మేడమ్... అందరూ బాగానే..." మళ్ళీ ఆగింది. ఇంత భాష వచ్చు, దుకాణంవాళ్ళతో వాదించే భాష వచ్చు. కానీ నేను అబద్ధం చెప్పాను అనే వాక్యం ఆ భాషలో ఎలా మొదలవుతుందో తెలియలేదు. ఆ పని చేయమన్నారు, భయపడ్డాను, పిల్ల చెయ్యి పోయింది, ఇవి ఆ భాషలో ఆమె ఏనాడూ ఎవరికీ చెప్పినవి కావు. వాటికి తగిన మాటలు సూపర్‌వైజర్ దగ్గర నేర్చుకున్నవాటిలో లేవు.

చివరికి అధికారిణి నుంచి పక్కకు తిరిగింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి టీచరమ్మను నేరుగా చూసింది.

"నేను మన భాషలో చెప్తాను. నువ్వు వాళ్ళకు చెప్పు" అంది. "ఏదీ తగ్గించకు."

"తగ్గించనక్కా" అంది టీచరమ్మ.

"ప్రమాదం గదిలో జరగలేదు. మిషన్ దగ్గర జరిగింది. ఆస్పత్రి కాగితంలో ఉన్న వేడినీళ్ళూ బకెట్టూ నేను చెప్పిన అబద్ధం."

సూపర్‌వైజర్‌కు మన భాష రాదు, అందుకని ఆయన ముఖం ఇంకా ప్రశాంతంగానే ఉంది. చెల్లికి వచ్చు. విన్నది. విని అక్క వైపు చూస్తుందని పెద్దక్క ఎదురుచూసింది. చెల్లి చూడలేదు. ఆ పిల్ల చూపంతా టీచరమ్మ నోటి మీదే ఉంది, అక్క చెప్పింది చెప్పినట్టు అవతలికి చేరుతుందా లేదా అని. చేరింది. సూపర్‌వైజర్ ముఖం మారింది. అధికారిణి కలం తీసి రాసుకుంది. వైద్యం పూర్తయ్యేదాకా అమ్మాయిని ఎక్కడికీ పంపడానికి వీల్లేదని అప్పటికప్పుడే కింద రాసి, పెద్దగా చదివింది. అప్పుడు చెల్లి ఊపిరి వదిలి, టీచరమ్మ భుజం మీద తల వాల్చింది.

పెద్దక్కలో ఈర్ష్య మళ్ళీ భగ్గుమంది. ఆ మంట ఆపుకునే ప్రయత్నం కూడా చేయలేదు. ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది, మడతలత్త నడుం దగ్గర్నుంచి. "రాసుకోమను" అని టీచరమ్మతో అని, తర్వాతి మాట మొదలుపెట్టింది.